మూసిన దిబ్బ

పడవలు ఒడ్డుకొచ్చి గంటయింది. వాటాల బయల్లో కొబ్బరాకులు పరిచి, వాటి మీద సూర చేపలు ఒక్కొక్కటే దింపుతున్నాడు కెలెమెతె. వంగితే మళ్లీ లేవడానికి మోకాలి మీద చెయ్యి ఆనించుకోవలసి వస్తోంది. అయినా చేప చేతిలోకి రాగానే దాని బరువు తెలిసిపోతుంది అతనికి. పెద్దదాని పక్కన చిన్నది. తలలన్నీ చర్చి వైపు, తోకలన్నీ మడుగు వైపు. ఒక కుప్ప మరీ బక్కగా కనిపిస్తే నాలుగడుగులు వెనక్కి వెళ్లి కళ్లు చికిలించి చూసి, పక్క కుప్పలోంచి ఒకటి తీసి మారుస్తాడు. ముప్పై ఏళ్లుగా ఇదే పని. పొద్దున్న పుట్టిన బిడ్డ పేరున సాయంత్రానికి వాటా పడాలి. చాప మీంచి లేవలేని ముసలివాళ్లకీ పడాలి. నాకు పడలేదే అని ఇన్నేళ్లలో ఒక్కరూ అనలేదు.

ఆ రోజు ఇంటికొకటి చొప్పున నలభై మూడు కుప్పలు పెట్టాలి. నలభై రెండే పెట్టాడు.

పొద్దున్నే హకాయ్ వచ్చి చెప్పి వెళ్లాడు. పెద్దల సభకి అతనే పెద్ద. గుమ్మంలో నిలబడి, లోపలికి రమ్మన్నా రాకుండా అన్నాడు:

"పనాపా పేరు పిలవకు."

"ఎన్నాళ్లు, పెద్దన్నా?"

"పండుగ దాకా. పది రోజులు. సభ తీర్మానం. మూడేళ్లు లాఫు పెట్టి, ఎవరూ ముట్టకూడదని మూసుకున్న మడుగు దిబ్బ అది. మూడేళ్లు ఊళ్లో ఒక్కడూ చెయ్యి పెట్టలేదు. పండుగకి ఆల్చిప్పలు తీద్దామని నిన్న వెళ్తే అడుగున ఖాళీ చిప్పలు నవ్వుతున్నాయి. వాడు చీకటితో ఆ దిబ్బ మీంచి సంచి మోసుకొస్తుంటే మా మేనల్లుళ్లు ఇద్దరూ చూశారు."

"సంచి విప్పి చూశారా?"

"విప్పాలా? తువాలు దీవుల నుంచి వచ్చినవాడికి మన లాఫు ఏం తెలుస్తుంది? పన్నెండేళ్లయినా అల్లుడు అల్లుడే."

ఇప్పుడు ఇళ్ల పేర్లు ఒక్కొక్కటే పిలుస్తున్నాడు కెలెమెతె. పిలిచినప్పుడల్లా ఎవరో ఒకరు బుట్టతో వచ్చి తమ కుప్ప ఎత్తుకుంటున్నారు. బయలు కొసన, ఎప్పుడూ కూర్చునే చోటే, తెలేహియా ముసలమ్మ కూర్చుని ఉంది. పనాపా అత్తగారు. ఒళ్లో కొబ్బరాకు బుట్ట. పదిహేడో పేరు తర్వాత పనాపా పేరు రావాలి. కెలెమెతె గొంతు సవరించుకోలేదు, ఆగనూ లేదు. దాన్ని దాటేసి పంతొమ్మిదో పేరు పిలిచేశాడు.

ముసలమ్మ కదల్లేదు. కుప్పలన్నీ అయిపోయి, ఆకుల మీద నెత్తురూ ఈగలూ మిగిలిందాకా అలాగే కూర్చుంది. అప్పుడు లేచి, ఖాళీ బుట్ట చంకన పెట్టుకుని, అతని ముందు నుంచే నడుచుకుంటూ వెళ్లింది.

"చేపలు బాగా పడ్డాయిరా అబ్బాయ్," అంది.

*

లుహియా నిప్పుల మీద కాల్చిన సీమపనసకాయ నల్లటి పెంకు చిప్పతో గీకుతోంది. మొగుడు కెలెమెతె తెచ్చిన చేప అరుగు మీద అలాగే ఉంది. కోయలేదు.

"ముసలమ్మ వచ్చిందా?" అంది తలెత్తకుండా.

"వచ్చింది."

"ఏమంది?"

"చేపలు బాగా పడ్డాయంది."

లుహియా ఒక్క క్షణం చెయ్యి ఆపి మళ్లీ గీకింది. పొగ కళ్లలోకి వస్తుంటే మోచేత్తో తుడుచుకుంది.

"పనాపా తీశాడని నువ్వు నమ్ముతున్నావా?"

కెలెమెతె అరుగు మీద చేపని ఇటు తిప్పి అటు తిప్పి పెట్టాడు. పోయిన నెల హకాయ్ మనవరాలి బాప్తిస్మం జరిగింది. వాళ్లింటి నుంచి గిన్నె వచ్చింది. కొబ్బరిపాలల్లో నిమ్మరసం పిండి నానబెట్టిన ఆల్చిప్ప మాంసం. ముక్క అరచెయ్యంత మందం. పన్ను దిగుతుంటే తియ్యగా, కొరకొరలాడుతూ.

"ఆ బాప్తిస్మం గిన్నెలో ముక్క నోట్లో పెట్టగానే నాకు తెలిసింది," అన్నాడు.

"ఏం తెలిసింది?"

"బయటి దిబ్బల మీద అంత పెద్దవి మిగల్లేదు. పదేళ్లయింది నేను చూసి."

లుహియా చేతిలోని చిప్ప కింద పెట్టింది. "తెలిసి, గిన్నె ఊడ్చేసి మళ్లీ చాపావా?"

"చాపాను."

ఆమె చేప తీసుకుని మడుగు ఒడ్డుకి వెళ్లింది. కడుగుతూ ఆ నీళ్లల్లోనే చాలాసేపు కూర్చుంది.

*

మూడోనాడు పొద్దున పనాపా ఇంటి వెనక నుంచి వచ్చాడు. దారి మీద రాలేదు. నడుముకి తడి గుడ్డ, చేతిలో కట్టేసిన కొబ్బరి పీత. ఊదారంగు పీత, గోళ్లు రెండూ నారతో బిగించి ఉన్నాయి.

"మామా, ఒక్కసారి నాతో రా."

"ఎక్కడికి?"

"దిబ్బ దగ్గరికి. నేను నీళ్లలోకి దిగను. నువ్వే దిగి చూడు."

వెళ్లకూడదనే అనుకున్నాడు కెలెమెతె. కానీ కాళ్లు పడవ వైపే నడిచాయి. మడుగు అవతల, దీవులు పలచబడి గట్టు తేలే చోట, నాలుగు గెడలు పాతి వాటికి ఎండిన కొబ్బరాకులు ముడేసి ఉన్నాయి. లాఫు గుర్తు. పైన గెడ మీద కూర్చున్న నల్లపిట్ట వాళ్లని చూసి కూడా ఎగరలేదు. మూడేళ్లుగా అక్కడికి మనిషి రాలేదు కాబట్టి దానికి భయం లేదు. నిజంగా రాకపోతే.

కెలెమెతె చొక్కా విప్పి నీళ్లలోకి దిగాడు. మెడలోతు. మునిగి కళ్లు తెరిచాడు. అడుగున తెల్లటి చిప్పలు నోళ్లు తెరుచుకుని పడున్నాయి. వాటి లోపల చిన్న చేపలు దూరి తిరుగుతున్నాయి. ఒకటి పైకి తెచ్చాడు, రెండోది తెచ్చాడు, అయిదు తెచ్చాడు. పడవ అంచు మీద పెట్టి వేలితో తడిమాడు. పెదవులన్నీ విరిగి ఉన్నాయి. ఇనప గునపం దూర్చి మెలిపెట్టిన చోట చిప్ప పెచ్చులూడింది.

పనాపా పడవ కొసన కూర్చుని ఉన్నాడు. "నేనెలా తీస్తానో నీకు తెలుసు. ఎన్నిసార్లు చూళ్లేదు నువ్వు?"

తెలుసు. పనాపా దగ్గర ఇనప గునపం లేదు. నీడ పడకుండా పక్కనుంచి వచ్చి, చిప్ప మూసుకునే లోపు చెక్క మేకు దూర్చి, సన్నటి కత్తి లోపలికి పోనిచ్చి కండ తెంపుతాడు. మాంసం మాత్రం చేతిలోకి వస్తుంది. చిప్పకి గీత కూడా పడదు. అలా తీసిన చిప్పల్ని అతని భార్య సిలియా వాకిట్లో వరసగా పేర్చింది. పిల్లలు వాటిలో వాననీళ్లు పట్టుకుని ఆడుకుంటారు.

"సంచిలో ఏముంది ఆ రోజు?"

"ఇవే." పనాపా కాలితో పీతని చూపించాడు. "ఆ చివరి దీవిలో పట్టాను. గట్టు మీంచి నడిచే వచ్చాను, వేరే దారి ఏముంది? సంచి కదులుతుంటే వాళ్లు చూశారు మామా. ఆల్చిప్ప మాంసం సంచిలో పడి నడుస్తుందా?"

కెలెమెతెకి నవ్వొచ్చింది. నవ్వు సగంలోనే ఆగిపోయింది.

"సభలో చెప్పలేకపోయావా?"

"నన్ను అడిగితేగా."

*

హకాయ్ ఇంటి పంచలో మొగలాకు చాప మీద కూర్చుని కొబ్బరినార పేనుతున్నాడు. నార తొడ మీద పెట్టి అరచేత్తో రుద్దుతుంటే తాడు కొంచెం కొంచెంగా పొడుగవుతోంది. కెలెమెతె విరిగిన చిప్ప ఒకటి అతని ముందు పెట్టాడు.

హకాయ్ దాన్ని చూశాడు గానీ ముట్టుకోలేదు.

"బాప్తిస్మానికి ఓ ఇరవై తీద్దామనుకున్నారు పిల్లలు," అన్నాడు కాసేపటికి. "వాళ్లకి అంచనా తెలియలేదు. ఎక్కువ తీసేశారు. పండుగకి ఎలాగూ తీసేవేగా అనుకున్నాం."

"మరి పనాపా?"

"సభలో మా వాళ్లు ఆ మాట అనేశారు. అనేశాక ఏం చెయ్యను? నలభై ఏళ్లుగా ఈ ఊరి లాఫులన్నీ మా ఇంటి మాట మీదే నిలబడ్డాయి. మా ఇంటివాళ్లే తీశారని తెలిస్తే రేపు ఎవడాగుతాడు? దిబ్బలన్నీ ఊడ్చేస్తారు." నార మళ్లీ రుద్దాడు. "పది రోజులే. ఆ ఇల్లేం పస్తుండదు. వాడు చేతకానివాడా? పీతలు పడతాడు, గాలం వేస్తాడు."

"ఇది తిండి గురించి కాదు, పెద్దన్నా."

"నువ్వూ తిన్నావు," అన్నాడు హకాయ్ మెల్లగా. కోపంగా అనలేదు. వాన వచ్చేలా ఉందన్నట్టు అన్నాడు. "బాగుందని కబురు కూడా పంపావు."

కెలెమెతె లేచి వచ్చేశాడు. చిప్ప అక్కడే వదిలేశాడు.

నాలుగోరోజు ఎగిరే చేపలు పడ్డాయి. అయిదోరోజు మళ్లీ సూరలు. ఆరోరోజు ఏవో చిన్న చేపలు, మనిషికి గుప్పెడు. ప్రతిరోజూ పదిహేడో పేరు తర్వాత పంతొమ్మిదో పేరు పిలిచాడతను. ప్రతిరోజూ ముసలమ్మ వచ్చి కూర్చుంది. ఆరోరోజు వాన పడింది. అందరూ చర్చి చూరు కిందికి పరిగెత్తారు. ఆమె బుట్ట నెత్తి మీద బోర్లించుకుని అక్కడే కూర్చుంది. ఎవరో పిల్లలు నవ్వబోతే వాళ్ల తల్లి చెంప మీద ఒకటి వేసింది.

*

ఏడోరోజు తాబేలు వచ్చింది.

ఏడాదికి ఒక్కటే పట్టాలని సభ నియమం. తూర్పు దీవి ఇసకలో గుడ్లు పెట్టి తిరిగి వెళ్తున్నదాన్ని వదిలేసి, నీళ్లలో దొరికిన మగదాన్ని తెచ్చారు. నలుగురు మోశారు. వాటాల బయల్లో వెల్లకిలా పడుకోబెడితే రెక్కలతో గాలిని తోస్తూ ఉంది. ఊరంతా దిగింది. తాబేలు పంచడం చేపలు పంచడంలా కాదు. గుప్పెడు మాంసమైనా ప్రతి ఇంటికీ చేరాలి. కండ, కొవ్వు, పేగు, కాలేయం అన్నీ ప్రతి వాటాలో ఉండాలి. అందుకే పెద్దలందరూ వచ్చి చాపల మీద కూర్చుంటారు.

కెలెమెతె ముందు మెడ కోశాడు. నెత్తురు కొబ్బరి చిప్పల్లో పట్టారు. పొట్ట పెంకు చుట్టూ అతుకు వెంట కత్తి తిప్పుకుంటూ వెళ్లాడు. మోచేతుల దాకా ఎరుపు. పెంకు ఎత్తేసరికి ఆకుపచ్చని కొవ్వు ఎండలో మెరిసింది. కండ తీసి, చీరి, ఆకుల మీద పెట్టుకుంటూ పోయాడు. మధ్యాహ్నం దాటింది. పక్కవాళ్లు సాయం వస్తామంటే వద్దన్నాడు. ఎప్పటిలాగే నాలుగడుగులు వెనక్కి వెళ్లి చూశాడు. ఇక్కడో ముక్క అక్కడ, అక్కడో ముక్క ఇక్కడ.

కుప్పలు నలభై రెండే. అందుకే ఎవరికీ తేడా కనిపించలేదు.

పేర్లు మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, పది. పదిహేడో పేరు పిలిచాడు. ఆ బుట్ట వచ్చి వెళ్లింది.

"పనాపా," అన్నాడు.

తెలేహియా వెంటనే లేవలేదు. తనకి వినపడింది నిజమేనా అన్నట్టు పక్కావిడ మొహంలోకి చూసింది. ఆ తర్వాత లేచి, ఒక్కో అడుగు వేస్తూ వచ్చి, కూర్చుని, ముక్కలు ఒక్కొక్కటే బుట్టలో సర్దుకుంది. హకాయ్ నోరు తెరిచాడు. అంతలోనే కెలెమెతె పంతొమ్మిదో పేరు పిలిచేశాడు. ఆపకుండా చివరిదాకా పిలిచాడు. చివరి కుప్ప కూడా వెళ్లిపోయింది.

లుహియా మాత్రం బుట్టతో కూర్చునే ఉంది.

"మామా, నీ ఇంటి పేరు మరిచిపోయావు!" అని ఎవరో అరిచారు. నవ్వులు వినిపించాయి.

"మరిచిపోలేదు." కత్తి ఆకుకి తుడుచుకుంటూ అన్నాడు కెలెమెతె. గొంతు పెద్దది చెయ్యలేదు. ముప్పై ఏళ్లు పేర్లు పిలిచిన గొంతు అది, అలా మాట్లాడినా అందరికీ వినపడుతుంది. "లాఫు దిబ్బ ఆల్చిప్పలు తిన్న ఇంటికి వాటా లేదంది సభ. నేను తిన్నాను. బాప్తిస్మం నాడు గిన్నె వస్తే తిన్నాను. ఎక్కడివో తెలిసే తిన్నాను. రెండు గిన్నెలు."

ఆ నెలలో ఊళ్లో జరిగింది ఒకటే బాప్తిస్మం. హకాయ్ భార్య తన బుట్ట మీద చెయ్యి పెట్టి అలాగే ఉండిపోయింది. ఆ రోజు గిన్నెలు అందిన ఇళ్లు ఇంకా పదీ పన్నెండు ఉన్నాయి. ఒకాయన దగ్గాడు. ఇంకొకాయన చెప్పులు వెతుక్కున్నాడు. ఎవరూ బుట్ట వెనక్కి పెట్టలేదు. నెమ్మదిగా, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా, మాంసం పట్టుకుని ఇళ్లకి పోయారు.

లుహియా ఖాళీ బుట్ట తీసుకుని అతని పక్కన నడిచింది. ఇంటి మలుపు తిరిగేదాకా మాట్లాడలేదు.

"రెండు కాదు," అంది. "మూడు గిన్నెలు తిన్నావు."

*

సభ మర్నాడు కూర్చుంది. చాలా మర్యాదగా మాట్లాడుకున్నారు. పొరపాటు జరిగిందన్నారు. ఎవరి పొరపాటో అనలేదు. ఇవాళ్టి నుంచి అన్ని ఇళ్లకీ వాటా ఉంటుందన్నారు. కెలెమెతె మోకాలు బాధపెడుతోంది కాబట్టి కొన్నాళ్లు విశ్రాంతి తీసుకోవాలని, పంపకం వేరేవాళ్లు చూస్తారని తీర్మానించారు. మోకాలి సంగతి తనెవరికీ చెప్పలేదే అనుకున్నాడు కెలెమెతె.

లేవబోతుంటే హకాయ్ ఆపాడు.

"ఇంకొక్క మాట. ఎల్లుండి ఓడలో అపియా నుంచి ఫాదర్ వస్తున్నారు. పండుగ విందులో ఆల్చిప్పలు లేకపోతే ఊరి మొహం ఏం కాను? గట్టు బయట, అది గోడలా దిగే చోట, లోతులో పెద్దవి ఉన్నాయి. అంత ఊపిరి ఉన్నవాడు ఊళ్లో ఒక్కడే. నువ్వెళ్లి చెప్పు. నువ్వు చెబితే వింటాడు."

సభ పని చెబితే కాదనే మగాడు ఆ ఊళ్లో లేడు. గోడకి సున్నం వెయ్యమంటే వేస్తారు, సమాధి తవ్వమంటే తవ్వుతారు.

పనాపా వాకిట్లో కూర్చుని గాలాలకి ఎర కోస్తున్నాడు. సిలియా కొబ్బరి కోరుతోంది. కెలెమెతె రాగానే లేచి, చాప వేసి, బోండం కొట్టి ఇచ్చింది. అతను తాగేదాకా ఇద్దరూ చేతిలో పని చేసుకుంటూనే ఉన్నారు.

దారి పొడుగునా అతను అనుకున్నది వేరు. పనాపా లేచి వచ్చి చెయ్యి పట్టుకుంటాడనీ, పోనీలే మామా అంటాడనీ అనుకున్నాడు. అది గుర్తొచ్చి ఇప్పుడు సిగ్గేసింది.

"తాబేలు మాంసం బాగుందా?" అన్నాడు, ఏమనాలో తెలియక.

"అత్త తింది. పిల్లలు తిన్నారు," అన్నాడు పనాపా.

సిలియా కోరడం ఆపింది. "మామా, నీ మీద నాకు కోపం లేదు. కానీ ఒకటి చెప్పనా? నువ్వు పేర్లు పిలిస్తే ఈ వాకిట్లోకి వినపడుతుంది. మొదటిరోజు మా చిన్నది వేళ్లు మడుస్తూ వింది. మన పేరు రాలేదు. మనం చచ్చిపోయామా అమ్మా అని అడిగింది. చచ్చిపోయినవాళ్ల పేర్లే కదా పిలవనిది."

కెలెమెతె బోండం కింద పెట్టాడు.

"ఆరు రోజులు నేనూ విన్నాను," అన్నాడు పనాపా. చేప ముక్కని గాలానికి గుచ్చి పక్కన పెట్టాడు. "ఒక్కరోజైనా నీ గొంతు ఆగుతుందేమో అని. ఆగలేదు. నా పేరు ఎప్పుడూ లేనట్టే పిలుచుకుంటూ పోయావు. హకాయ్ సంగతి వదిలెయ్. ఆయన భయం ఆయనది. నువ్వు ఆ చిప్పలు చేత్తో తడిమి చూసి కూడా నాలుగు రోజులు పిలవలేదు."

నాలుగే. అతను లెక్కపెట్టుకున్నాడు. అవును, నాలుగు.

"సభవాళ్లు ఏదో పని చెప్పి పంపారా?" అన్నాడు పనాపా.

కెలెమెతె అతని చేతులకేసి చూశాడు. అతని వెనక సన్నటి కత్తి, చెక్క మేకు చూరులో చెక్కి ఉన్నాయి. పండుగ, ఫాదర్, ఊరి మొహం అన్నీ నోటి దాకా వచ్చాయి.

"లేదు," అన్నాడు. "ఊరికే వచ్చాను."

పనాపా అతని మొహంలోకి చూశాడు. చూసి, ఎర కోసే చెక్కనీ రెండో కత్తినీ అతని వైపు జరిపాడు. పొద్దు వాలేదాకా ఇద్దరూ ఎర కోశారు.

సాయంత్రం హకాయ్ దారి కాచి అడిగాడు. "వెళ్తానన్నాడా?"

"నేను అడగలేదు."

"అడగలేదా? మరి ఇంతసేపు ఏం చేశావు?"

"ఎర కోశాను."

"కెలెమెతె, ఇది సభ మాట!"

"తెలుసు. మీరెళ్లి అడగండి, పెద్దన్నా. వాకిట్లో వాళ్ల చిన్నపిల్ల కూడా ఉంటుంది. ఆ పిల్ల ముందే అడగండి."

హకాయ్ వెళ్లలేదు.

*

పండుగ రోజు పూజ అయ్యాక సభ ఇంట్లో పొడుగ్గా చాపలు పరిచారు. పూలు చుట్టిన స్తంభాల మధ్య ఊరంతా బారులు తీరి కూర్చుంది. కాల్చిన పంది, సీమపనస, కొబ్బరిపాలల్లో ఉడికిన చేప, నిప్పుల మీద కాల్చిన సముద్రపు పిట్టలు, కొబ్బరి కల్లు. మధ్యలో ఫాదర్, పక్కన హకాయ్. ఫాదర్ కుర్రవాడు. కొత్తగా వచ్చాడు. కడుపారా తింటూ అందర్నీ పలకరిస్తున్నాడు.

పనాపా కుటుంబం రాదని కొందరన్నారు. వచ్చారు. సిలియా పిల్లల జుట్టు నూనె పెట్టి దువ్వింది. తెలేహియా ముసలమ్మని వయసు చూసి ఫాదర్ ఎదురుగా కూర్చోబెట్టారు. కెలెమెతె చివర్లో, తలుపు దగ్గర, లుహియా పక్కన కూర్చున్నాడు.

"ఒకటి అడగనా?" అన్నాడు ఫాదర్, వేళ్లు నాక్కుంటూ. "బయల్దేరేటప్పుడు అందరూ ఒకటే చెప్పారు. ఆ ఊరి ఆల్చిప్పలు తినకుండా రావద్దని. ఏవీ మరి?"

దగ్గరున్న వాళ్ల మాటలు ముందు ఆగాయి. తర్వాత ఆ నిశ్శబ్దం ఒక్కో చాప దాటుకుంటూ తలుపు దాకా వచ్చింది. విసనకర్రలు ఆగాయి. హకాయ్ మేనల్లుళ్లిద్దరూ వంచిన తలలు ఎత్తలేదు. హకాయ్ ఏదో చెప్పబోయి, ఆకులో ఉన్న సీమపనస ముక్కని రెండు చేసి, ఆ రెండింటినీ నాలుగు చేశాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి. ఫాదర్ అటూ ఇటూ చూశాడు, అడగకూడనిదేదో అడిగానేమోనని.

తెలేహియా నోట్లో ముక్క నమిలి మింగింది. మూతి తుడుచుకుంది.

"ఈ ఏడాదీ పడ్డాయి నాయనా," అంది. "అందరికీ సరిపోలేదు."